ఆడిట్ కమిటీలో కొత్తగా చేరాను, మోసాల రిస్క్ గురించి ఏం అడగాలి?

ఒక కంపెనీ ఆడిట్ కమిటీలో ఈమధ్యే ఇండిపెండెంట్ డైరెక్టర్‌గా చేరాను. మోసాల రిస్క్ మీద మాకు ఏడాదికి ఒకే ఒక్క స్లైడ్ వస్తుంది, గడులన్నీ ఆకుపచ్చరంగే, అంటే రిస్క్ ఏమీ లేదనే, తయారుచేసేది సీఎఫ్ఓ (కంపెనీ ఫైనాన్స్ హెడ్) టీమే. విజిల్‌బ్లోయర్ ఫిర్యాదులు (కంపెనీలో తప్పుల గురించి లోపలివాళ్లు చేసేవి) కూడా ముందు ఆయన టేబుల్ మీదికి వెళ్లాకే మా దాకా వస్తున్నాయి, నాకు టెన్షన్ అక్కడే. అమెరికా టెలికాం కంపెనీ వరల్డ్‌కామ్ ఖర్చులను ఆస్తులుగా రాసేసిన 380 కోట్ల డాలర్ల సంగతి ఇంటర్నల్ ఆడిట్ వాళ్లు ఆడిట్ కమిటీకి చెప్పబట్టే కదా 2002లో బయటపడింది. మేనేజ్‌మెంట్ ఎవరూ లేకుండా ఇంటర్నల్ ఆడిట్ హెడ్‌తో ప్రతి క్వార్టర్ కూర్చుందామంటే ఛైర్మన్ గారు "మన వాళ్ల మీద నమ్మకం లేదా" అన్నారు. మీ బోర్డుల్లో దీన్ని ఎలా ఒప్పించారండీ? క్వార్టర్ చివరి రోజుల్లో చేత్తో వేసిన జర్నల్ ఎంట్రీల (సిస్టమ్ దానంతటది కాకుండా మనిషి ఖాతాల్లో రాసిన పద్దుల) లిస్టు కమిటీ అడిగితే మేనేజ్‌మెంట్ పనిలో వేలు పెట్టినట్టవుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, వచ్చే మీటింగ్‌లోపు తేల్చుకోవాలి.