హద్దుల్లో "డొంక" అంటే ఏంటండీ?

గ్రూపులో అందరికీ నమస్తే. మాది గుంటూరు వైపు. తాతగారి పాత దస్తావేజులో "తూర్పు హద్దు: డొంక" అని ఉంది. నాకు తెలిసిన డొంకల్లా తీగ లాగితే కదిలేదే, హద్దులో పొద ఎందుకు రాశారో అర్థం కాలేదు. పక్క చేనాయనేమో అక్కడ దారీ లేదు గీరీ లేదు, మొత్తం మా పట్టాయే అంటున్నాడు.

— రెండు డొంకలున్నాయండీ. తీగ లాగితే కదిలేది పొద. మీ కాగితంలోది చేలమధ్య బండ్లూ గొడ్లూ పోయే ఊరుమ్మడి దారి, తరాల తరబడి చక్రాలు తొక్కి తొక్కి, వానకి మట్టి కొట్టుకుపోయి చేలకంటే పల్లానికి దిగిపోయుంటుంది చూడండి, అదీ. మీ గుంటూరులోనే డొంక రోడ్డు ఉందిగా! మా గోదావరి జిల్లాల్లో పుంత అంటాం, పుంతలో ముసలమ్మ గుళ్ళు చాలా ఊళ్ళల్లో ఉన్నాయి. డొంకతిరుగుడు మాటలు కూడా ఈ దారిలోంచే వచ్చాయని నా అనుమానం, తిన్నగా పోయే డొంక నేనైతే చూళ్ళేదు.

— మా తెలంగాణల బండ్ల బాట అంటరన్నా. నక్షాల, అంటే ఊరి సర్వే మ్యాపుల, ఉంటే నక్షా బాట అని గట్టిగ చెప్తరు, ఎందుకంటే నక్షాల ఉన్నదాన్ని ఎవ్వడు దున్నుకున్నా అది బాటే.

— పైన అన్న చెప్పిందే అసలు పాయింట్ అండీ. డొంక పోరంబోకు అయితే అది ప్రభుత్వ భూమి, 1905 ఆక్రమణల చట్టంలోనే రోడ్లు, సందులు, బాటలు సర్కారువని ఉంది, మీరు ఎన్నేళ్ళు నడిచారో రుజువు చేసే పనే లేదు. వేరేవాళ్ళ పట్టాలోంచి నడిచే దారి అయితే అది ఈజ్‌మెంట్ హక్కు, దానికి 1882 చట్టం ప్రకారం అడ్డు లేకుండా 20 ఏళ్ళు హక్కుగా నడిచి ఉండాలి, అడిగి పర్మిషన్ మీద నడిస్తే లెక్కలోకి రాదు. ఈ రెండూ కలిపేసి పంచాయితీల్లో అరుచుకుంటారు జనం. మీ దస్తావేజు ఒక్కటే చాలదు, అది రాసుకున్నవాళ్ళ మాట. ఊరి మ్యాపు, ఆ సర్వే నంబరు ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) తీయించి అందులో డొంక ఉందేమో చూడండి, ఉంటే తహసీల్దారుకి అర్జీ పెట్టి సర్వేయర్‌తో కొలిపించండి.

— టాపిక్ కాదుగానీ, ఇప్పుడు హైవేకి వాడే "రహదారి" మొఘలుల కాలంలో దారిలో వసూలు చేసే సుంకం పేరు. టోల్‌గేట్ల దగ్గర ఆ పాత అర్థమే నడుస్తోంది.

— థాంక్సండీ అందరికీ. సోమవారం ఎఫ్ఎంబీకి అప్లై చేస్తా. రాయలసీమ వాళ్ళు దీన్ని ఏమంటారో కూడా ఎవరైనా చెప్పండి.