సమస్య: ఎండుకొమ్మ నాట నిల్లు నిండె

నిర్వాహకుడు (శ్రీకాకుళం): అరసవల్లి రథసప్తమి అయిపోయింది, పొద్దున్న చలి కూడా తగ్గింది, దొడ్లో పాదులు తీసే టైమొచ్చింది కదా అని ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నా. ముందు మూడు పాదాలూ మీరు కట్టి, ఎండుకొమ్మ నాటితే ఇల్లెలా నిండిందో చెప్పండి.

ఉద్దానం కోడలు:
గాలివానఁ దోట కూలిపోయిన నాఁడు
ములగకొమ్మ యొకటి ముంగిటఁ బడె
పేడ పూసి చివర పెరటిలో మా యమ్మ
యెండుకొమ్మ నాట నిల్లు నిండె

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొట్టినప్పటి మాట ఇది. కొబ్బరిచెట్లు వరసగా పడిపోయాయి, ఆ ములగ ఒక్కటే మళ్ళీ లేచింది.

చీపురుపల్లి మాస్టారు: గాలి–కూలి ప్రాసయతి (యతి చోట మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం కలవడం) చక్కగా పడిందమ్మా. కానీ నిజంగా ఎండిపోయిన కొమ్మ పేడ పూసినా చిగురించదు కదా, ఆ చిక్కు విప్పకపోతే సమస్య తీరనట్టే.

ఉద్దానం కోడలు: నిజమే మాస్టారూ. మణికట్టంత లావుది, మూడడుగుల కొమ్మ చూసి అమ్మ నాలుగు రోజులు నీడన వాల్చిపెట్టింది, కోసినచోట ఆరాలని, బెరడు ముడతలు పడి ఎండినట్టే ఉండేది గానీ గోరుతో గీరితే లోపల పచ్చగా తడి, అడుగు లోతున పాతి నీళ్ళు కొంచెమే పోసింది ఎక్కువైతే మొదలు కుళ్ళిపోద్దని. మూడో పాదం మారుస్తున్నా:
పైకి మోడు, గీరఁ బచ్చదనమె లోన
నెండుకొమ్మ నాట నిల్లు నిండె

చీపురుపల్లి మాస్టారు: ఇప్పుడు తీరింది! పై–ప యతి కూడా చెల్లుతుంది. కొమ్మ చివర పేడముద్ద పెట్టడం మన పద్ధతి, అది పద్యంలోంచి పోయిందనే బాధ.

రాజాం కుర్రాడు: నాది మొదటి పాదమే అయింది, "వేపచెట్టు కింద పాదులు చేసితి". సరిపోయిందా?

చీపురుపల్లి మాస్టారు: గణాలు సరే, వే–పా యతి కుదర్లేదు బాబూ. మాటలు అటూ ఇటూ చెయ్యి, "వేపచెట్టు కింద వేసితి పాదులు". ఇంకోటి, వేప నీడలో బీర, ఆనప కాయవు, ఎండ తగిలే చోటికి మార్చు, పద్యంలోనూ దొడ్లోనూ.

బొబ్బిలి మనవడు:
ఆనపకును పాక నాధార మేదని
తీగ తడుముకొనఁగఁ దెచ్చి తాత
చేనిగట్టు మీఁదఁ జింత రాల్చినయట్టి
యెండుకొమ్మ నాట నిల్లు నిండె

రాజాం కుర్రాడు: తీగ తడుముకోవడం కళ్ళకి కట్టింది అన్నయ్యా. ఆనప బదులు సొర అంటే అన్ని జిల్లాల వాళ్ళకీ తెలుస్తుందేమో?

నిర్వాహకుడు: వద్దు తమ్ముడూ. గిడుగు రామమూర్తిగారు పుట్టిన పర్వతాలపేట మన జిల్లాలోదే, మనం ఇంట్లో అనే మాట పద్యంలో వెయ్యడానికి మనమే మొహమాటపడితే ఎలా? ఆనపే ఉండనీ.

నెల్లిమర్ల చెల్లి:
తొంబదేండ్ల వయసుతో మాఘమాసాన
కొంగు ముడిని విప్పి కూరగింజ
వేలితోడ మట్టి వెనకకు నెట్టుచు
నెండుకొమ్మ నాట నిల్లు నిండె

చీపురుపల్లి మాస్టారు: కొమ్మంటే ఆడమనిషి! ఈ అర్థం నాకు తట్టనేలేదు తల్లీ. కొంగు ముడి దగ్గర రెండుసార్లు ఆగి చదివాను. మరి ఇల్లు దేంతో నిండింది?

నెల్లిమర్ల చెల్లి: మాతోనే మాస్టారూ. బీరకాయలు దిగే వేళకి సెలవులొచ్చి మనవలందరం దిగిపోయేవాళ్ళం. మామ్మ పోయిన ఏడాది పోయింది. ఆవిడ దాచిన గింజలు రాత్రి నానబెట్టి పొద్దున్నే నాటాను, ఒక్కో పాదుకి మూడేసి.