నరం 'తెగిన' కండా, నరం 'తగలని' కండా?

పాకాల గట్టు: డిగ్రీలో మా జువాలజీ సారు నోట్సు చెప్తూ అన్న వాక్యం ఒకటి నిన్నటి నుంచి నోట్లోనే నానుతోంది. "నరం త... కండ ఒళ్ళంతా చెవులు చేసుకుంటుంది." అసిటైల్‌కోలిన్ గ్రాహకాల పాఠం, అంటే నరం పంపే ఆ రసాయనాన్ని అందుకునే కండ మీది ప్రోటీన్లు; సారు చెప్పిన 'చెవులు' అవే. తెగిన అన్నారా, తగలని అన్నారా? రెండూ కుదురుతున్నాయి, అదే టెన్షన్.

మానేరు ఒడ్డు: తెగిన, అనుమానమే లేదన్నా. నరం తెగితే కండ తంతువులో విద్యుత్ ప్రేరణలు ఆగుతాయి, వాటితో లోపలికొచ్చే కాల్షియం తగ్గుతుంది, గ్రాహక జన్యువుల్ని అణిచిపెట్టే సంకేతమే ఉండదు. గ్రాహక జన్యువుల్ని నడిపించే మయోజెనిన్ అనే ప్రోటీన్ పెరిగి, సంధికి (నరం కండను తాకే చోటుకి) దూరంగా ఉన్న కేంద్రకాల్లోనూ ఆ జన్యువులు పనిలోకి దిగుతాయి. 1959లో శాస్త్రవేత్తలు ఆక్సెల్సన్, థెస్లెఫ్ పిల్లి కండరాల్లో చూసింది ఇదే, ఆ రసాయనానికి తంతువు పొడవునా స్పందన. 1972లో లోమో, రోసెంతాల్ నరం లేని ఎలుక కండరాన్ని కరెంటుతో ఆడిస్తే ఆ సున్నితత్వం మళ్ళీ తగ్గింది.

నైట్ డ్యూటీ: నా ఓటు తగలనికి. పిండంలో నరం ఇంకా చేరని కండరానికీ గ్రాహకాలు ఒళ్ళంతా ఉంటాయి, గామా అనే ముక్క (ఉపభాగం)తో. నరం కుదురుకున్నాక గామా పోయి దాని చోట ఎప్సిలాన్ అనే ముక్క వస్తుంది, తెగితే గామా తిరిగొస్తుంది. అందుకే పక్షవాతం వచ్చి కొన్నాళ్లయినవాళ్లకు మేం సక్సినైల్‌కోలిన్ (ఈ గ్రాహకాల్ని తట్టి కండల్ని సడలించే మందు) ఇవ్వం, పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగొచ్చు.

మానేరు ఒడ్డు: నిజమే మేడమ్, కానీ "చేసుకుంటుంది" చూడండి. పిండంలో ముందే ఒళ్ళంతా ఉన్నప్పుడు కొత్తగా చేసుకునేదేముంది? "చెవులై ఉంటుంది" అనాలి.

బమ్మెర బాట: అసలు ఇక్కడ పోతన్న గుర్తుకు రావాలి. "పలికించెడివాడు"లో ఆ 'ఇంచు' తీసేస్తే పద్యమే నిలవదు. జన్యువు తనంతట తాను పలకదు, పలికించేవాడుండాలి. నరం వదిలే న్యూరెగ్యులిన్ అనే ప్రోటీన్ కండ మీది ఎర్బ్‌బి గ్రాహకాన్ని తట్టి, మ్యాప్ కైనేజ్ అనే కణం లోపలి సంకేతాల దారిలో సంధి కింది కేంద్రకాల్లో పలికిస్తుంది.

నైట్ డ్యూటీ: అది పాత లెక్క సార్. కండరంలో ఎర్బ్‌బి తీసేసిన ఎలుకల్లోనూ సంధి ఏర్పడింది. నరం నుంచి వచ్చే అగ్రిన్, కండలోని మస్క్ అనే ప్రోటీన్ల దారిదే పెద్దరికం.

బమ్మెర బాట: ఎవరు పలికించినా 'ఇంచు' ఉంటుంది కదా మేడమ్. ఇంకో మాట, అదే పద్యంలో "నే పలికిన భవహరమగునట" అన్నప్పుడు పలికిన అంటే పలికితే. అలాగే మీ సారు మాట "నరం తెగిన, కండ..." అయి ఉంటే? తెగితే అని అర్థం. అప్పుడు తగలనికి చోటే లేదు, అది "తగలకున్న" కావాలి.

పాకాల గట్టు: సారు గ్రాంథికం వాడేవారు, పద్యాలూ చదివేవారు. కానీ చివర "చేసుకుంటుంది" అన్నది మాత్రం ఖాయం.

మానేరు ఒడ్డు: గ్రాంథికంలో మొదలుపెట్టి వ్యావహారికంలో ముగిస్తారా అన్నా? నాకు నమ్మకం లేదు. "తెగిన కండ" అని ఒక్క ఊపులోనే అని ఉంటారు.

బమ్మెర బాట: పాఠం చెప్పేటప్పుడు అలా కలిసిపోవడం మామూలే. ఆ బ్యాచ్‌వాళ్ల నోట్సు ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో పెట్టండి, 'తెగిన' పక్కన కామా ఉందో లేదో చూద్దాం.