డౌన్‌లోడ్ నొక్కితే అక్కర్లేని ట్యాబులు తెరుచుకుంటున్నాయి

ప్రశ్న: ఏ ఫైలు దించుకోబోయినా పక్కన ఇంకో ట్యాబు తెరుచుకుంటోంది. ఒక్కోసారి ఖాళీది, ఒక్కోసారి ఏదో ప్రకటన. పాప్-అప్ బ్లాకర్ ఆన్‌లోనే ఉంది. బ్రౌజర్ తీసేసి మళ్లీ వేసుకోవాలా?

జవాబు: అంత పని అక్కర్లేదండి. ఆ కొత్త ట్యాబు అడ్రస్ బార్‌లో ఏముంటోందో ముందు చూసి చెప్పండి.

అడిగినవారు: ఖాళీదాంట్లో 'అబౌట్:బ్లాంక్' అని ఉంది. ప్రకటనలకు ప్రతిసారీ వేరే అడ్రస్. అన్నట్టు, పీడీఎఫ్‌లైతే దిగీదిగగానే వాటంతటవే తెరుచుకుంటున్నాయి.

జవాబు: అయితే మీకున్నది ఒక్క సమస్య కాదు, మూడు.

ప్రకటనల సంగతి. మీరేమీ నొక్కకుండా తెరుచుకునే వాటినే పాప్-అప్ బ్లాకర్ ఆపుతుంది. మీరు క్లిక్ చేశారంటే, మీరే కోరారనుకుని వదిలేస్తుంది. ఈ సైట్లవాళ్లకు ఆ కిటుకు బాగా తెలుసు. డౌన్‌లోడ్ బటన్ మీద కంటికి కనబడని పొర ఒకటి పరుస్తారు. మొదటి క్లిక్ దానిమీద పడి ప్రకటన తెరుచుకుంటుంది. పొర పోయాక, రెండోసారి నొక్కితే గానీ ఫైలు దిగదు. మీకూ అలాగే అవుతోందా? అయితే ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) వేసుకోండి. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తిది పనిచేస్తుంది, క్రోమ్‌లో ఇప్పుడు 'లైట్' రకమే.

ఖాళీ ట్యాబు గురించి: కొన్ని లింకులను కొత్త ట్యాబులో తెరుచుకునేలా రాస్తారు. వచ్చింది పేజీ కాదు, ఫైలు అని తెలియగానే బ్రౌజరే ఆ ట్యాబును మూసేస్తుంది. డౌన్‌లోడ్ మేనేజర్ ఎక్స్‌టెన్షన్ లాంటిది మధ్యలో దూరి ఫైలును లాక్కుంటే మాత్రం ట్యాబు అలాగే మిగిలిపోవచ్చు. ప్రైవేట్ విండోలో దించి చూడండి. మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అక్కడ ఎక్స్‌టెన్షన్లు నడవవు.

పీడీఎఫ్‌ది తేలిక. ఫైర్‌ఫాక్స్‌లో 2022 నాటి 98వ వెర్షన్ నుంచి డౌన్‌లోడ్ పద్ధతి మారింది, దించిన పీడీఎఫ్ కొత్త ట్యాబులో తెరుచుకుంటుంది. సెట్టింగ్స్, జనరల్, అప్లికేషన్స్‌లోకి వెళ్లి పీడీఎఫ్ ఎదురుగా 'సేవ్ ఫైల్' పెట్టండి. క్రోమ్ అయితే సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ తెరిచి, కొన్ని రకాల ఫైళ్లను దిగగానే తెరవమనే వరుస ఉంటే పక్కన 'క్లియర్' నొక్కండి.

ఇంకొకరు: ఒక చిన్న మాట. పేరున్న సైట్లలో కూడా ప్రకటన ట్యాబులు వస్తుంటే తప్పు సైటుది కాకపోవచ్చు, ఏదో ఎక్స్‌టెన్షన్ పని అయ్యుంటుంది. అన్నీ ఆపేసి ఒక్కొక్కటే ఆన్ చేస్తూ చూడండి. ఎప్పుడు వేశామో కూడా గుర్తులేనివే సాధారణంగా దొంగలు.

అడిగినవారు: ప్రైవేట్ విండోలో ఖాళీ ట్యాబు రాలేదు! డౌన్‌లోడ్ మేనేజర్ తీసేశాను, పీడ వదిలింది. పీడీఎఫ్‌లూ దారికొచ్చాయి. ఒక్క సైటులో మాత్రం ప్రకటన ఇంకా వస్తోంది.

జవాబు: దించేది సాఫ్ట్‌వేర్ అయితే తయారుచేసినవాళ్ల సొంత సైటులోనే తీసుకోండి. క్లిక్‌లు దొంగిలించే సైటు ఇచ్చే ఫైలును నేనైతే నమ్మను.