‘కైండ్ ఆఫ్ బ్లూ’ మొదటి వైపు: పాతది వినాలా, సరిచేసింది వినాలా?

ట్రంకురోడ్డు (నెల్లూరు)

మా నాన్నగారు మద్రాసులో ఉద్యోగం చేసే రోజుల్లో మూర్ మార్కెట్ పాత రికార్డుల కుప్పలోంచి ఒక ఎల్పీ ఏరుకొచ్చారు. 1985లో ఆ మార్కెట్ తగలబడక ముందు మాట. అమెరికా జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. చిన్నప్పటి నుంచి ఆదివారం పొద్దున మా ఇంట్లో అదే మోగేది, అట్టపెట్టె మూలలు ఊడిపోయి ప్లాస్టర్ వేసినా.

పోయిన నెల ప్లేయర్ బాగు చేయించి, సరదాకి ఫోన్లోనూ అదే రికార్డు పెట్టి రెండూ ఒకేసారి మొదలెట్టాను. మొదటి పాట ‘సో వాట్’ రెండు నిమిషాలు కూడా కాలేదు, ఎల్పీ ముందుకెళ్ళిపోయింది. బెల్టు పోయిందనుకున్నాను. ప్లేటు అంచున ఉండే చుక్కలు ట్యూబ్‌లైటు కింద చూస్తే కదలకుండా నిలబడి ఉన్నాయి, అంటే స్పీడు సరిగ్గానే ఉంది. తిప్పి రెండో వైపు పెడితే ‘ఆల్ బ్లూస్’ ఫోనుతో కలిసి బుద్ధిగా నడిచింది. అప్పుడు వెతికితే తెలిసింది సంగతి.

మొదటి వైపు మూడు పాటలూ 1959 మార్చి 2న న్యూయార్కు 30వ వీధి కొలంబియా స్టూడియోలో రికార్డు చేశారు. ఆ రోజు మాస్టర్ టేపు మెషీను కాస్త నిదానంగా తిరిగింది. అలా తిరిగిన టేపును మామూలు స్పీడులో వినిపిస్తే పాట వేగంగా, హెచ్చు శ్రుతిలో వస్తుంది. ఏప్రిల్ 22న చేసిన రెండో వైపుకు ఈ జబ్బు లేదు. తోడుగా తిరిగిన రెండో మెషీను టేపు మంచిదే కావడంతో 1992లో దాన్నుంచి సరిచేసి విడుదల చేశారు. ఇప్పుడు ఫోన్లో వచ్చేది అదే.

వచ్చే ఆదివారం మా ఇంట్లో జాజ్ ఎప్పుడూ వినని నలుగురు వస్తున్నారు. వాళ్ళకి ఏది వినిపించాలి? నా ఓటు నాన్న ఎల్పీకే. తిట్టేవాళ్ళు తిట్టండి.

కావలి క్లారినెట్

తిడతాను అన్నా. ఆ పాత రికార్డు నా వయసులో రెండేళ్ళు తినేసింది.

నేను పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ వాయిస్తాను. కుర్రతనంలో ఎవరో ఎల్పీ నుంచి ఎక్కించిన క్యాసెట్ ఇస్తే రాత్రి పూట దాంతో కలిపి వాయించేవాణ్ణి. ఎంతకీ కలిసేది కాదు. శ్రుతి హెచ్చాలంటే బ్యారెల్ (నోట్లో పెట్టుకునే ముక్క కిందుండే చిన్న గొట్టం) లోపలికి నొక్కాలి కదా, చివరంటా నొక్కినా అందలేదు. అర స్వరం పైకి వేళ్ళు మారిస్తే అది మరీ ఎక్కువైపోయేది. మా మాస్టారు విని, తప్పు నీ చెవిదిరా అన్నారు. నమ్మాను. నమ్మక ఏం చేస్తాను, అవతల శాక్సోఫోన్ వాయించేది జాన్ కోల్ట్రేన్ అంతటివాడు!

తప్పు అని తేలిన తర్వాత కూడా దాన్నే నెత్తిన పెట్టుకోవడం నాకు అర్థం కాదు.

కరవది దారి (ఒంగోలు)

క్లారినెట్ తమ్ముడి బాధ అర్థమైంది గానీ, శ్రుతి గొడవ వాయించేవాడిది, వినేవాడిది కాదు. మాది నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారు పుట్టిన కరవది పక్క ఊరు. నాదస్వరం వింటూ పెరిగినవాణ్ణి. మనకి సా (పాటకి ఆధారమైన మొదటి స్వరం) ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ‘సో వాట్’ స్వరాలు చూడండి, అచ్చంగా కర్ణాటక సంగీతంలో 22వ మేళం (ఏడు స్వరాల వరస), ఖరహరప్రియ. గమకం (స్వరాన్ని ఊపే తీరు) లేదు కాబట్టి రాగం అనను, మేళం అంటాను. సా పిసరు పైకి జరిగినా స్వరాల మధ్య దూరాలు మారవుగా.

అసలు వాళ్ళే ఆ పాటలో సా కదిపేస్తారు. ముప్ఫై రెండు బార్లలో (బారు అంటే తాళంలో ఒక చుట్టు) మొదటి పదహారు ఒక చోట, తర్వాత ఎనిమిది అర స్వరం పైన, ఆఖరి ఎనిమిది మళ్ళీ కిందికి. మన కచేరీలో ఎవరైనా ఆ పని చేస్తే తంబూరా పక్కన పెట్టి లేచిపోతారు. ఆ పైకి జరిగే చోట నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

కాబట్టి శ్రుతి పేరుతో పాతదాన్ని కొట్టేయొద్దు. కొట్టేయాల్సింది కాలప్రమాణం, అంటే పాట నడక వేగం, పేరుతో. మొదట్లో పియానో, పాల్ చేంబర్స్ బాస్ తడుముకుంటున్నట్టు వస్తాయి చూడండి, ఆ నిదానం మైల్స్ కోరి పెట్టుకున్నది. విళంబంలో పాడిన కృతిని ఒక్క పిసరు తోసినా ఊపిరి తీసుకునే చోట్లు ఇరుకవుతాయి. ‘బ్లూ ఇన్ గ్రీన్’లో అది ఇంకా తెలుస్తుంది. నా ఓటు 1992 దానికే. కారణం మాత్రం తమ్ముడిది కాదు.

పెన్నా గట్టు

ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. 1959 నుంచి 1992 దాకా, ముప్ఫై మూడేళ్ళు, లోకమంతా విన్నది ఆ వేగమే. ఎంతమంది వాయిద్యకారులు దాన్ని అరగదీసి నేర్చుకున్నారు! చరిత్ర అంటే అదే.

ఇంకోటి. ఆ రికార్డులో వాయించినవాళ్ళు ఏడుగురు. కోల్ట్రేన్ 1967లో పోయాడు, చేంబర్స్ 1969లో, వింటన్ కెల్లీ 1971లో, కేనన్‌బాల్ ఆడర్లీ 1975లో, బిల్ ఎవన్స్ 1980లో. మైల్స్ 1991 సెప్టెంబరులో. సరిచేసిన రికార్డు బయటికొచ్చే నాటికి మిగిలింది డ్రమ్స్ జిమ్మీ కాబ్ ఒక్కడే. వాళ్ళు బతికుండగా తిరిగిన రికార్డు ఏదయ్యా? నాన్నగారి ఎల్పీయే.

కావలి క్లారినెట్

సార్, వాళ్ళు బతికుండగా వాయించింది ఏది? మార్చి 2న ఆ గదిలో ఆ ఏడుగురూ విన్నది సరైన శ్రుతినే. మెషీను ఒక్కటే తప్పుగా విన్నది. పెళ్ళి ఫొటోలో మనిషి పొట్టిగా పడ్డాడని మనిషి ఎత్తు తగ్గిస్తామా?

మైపాడు గాలి

మీ గొడవ మీది. కొత్తవాళ్ళని తొమ్మిది నిమిషాల పాట ముందు కూర్చోబెడితే ఆరో నిమిషానికి ఫోన్ తీస్తారు. ట్రంపెట్ వాయించే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ పెట్టండి. 1928, షికాగో, మూడు నిమిషాల చిల్లర. మొదట్లో ట్రంపెట్ ఒంటరిగా మొదలవుతుంది, పావు నిమిషం కూడా ఉండదు, గుడి ముందు నాదస్వరం ఎత్తుకున్నట్టే. అది విని తల తిప్పనివాడికి ఏ స్పీడులో పెట్టినా ఒకటే.

అవునూ, టిఫిన్ ఉందా?

పెన్నా గట్టు

‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ మంచి మాటే. కానీ ఇక్కడ ప్రశ్న అది కాదు. పక్కదారి పట్టించొద్దు.

క్లారినెట్ గారి ఫొటో పోలిక నాకు నప్పలేదు. మన నాన్న మనకి తెలిసింది ఆ ఫొటోలోనే అయితే?

ట్రంకురోడ్డు (నెల్లూరు)

ఆదివారం అయిపోయింది. రాజీ పడ్డాను. ముందు ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’, తర్వాత మొదటి వైపు ఫోన్లోంచి, రెండో వైపు నాన్న ఎల్పీ మీద. రెండో వైపులో తేడా లేదు కాబట్టి ఎవరూ నన్ను తిట్టలేరు. టిఫిన్ ఉంది, దోసెలు.

వచ్చిన నలుగురికీ స్పీడు సంగతి చెప్పలేదు. ఒకాయన ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’ మళ్ళీ పెట్టమన్నాడు, ఒకావిడ ‘బ్లూ ఇన్ గ్రీన్’లో కళ్ళు మూసుకుంది (నిద్రేనేమో). నాన్న మాత్రం గుమ్మంలో నిలబడి కాసేపు విని, “ఏందిరా ఇవాళ ఇంత నీరసంగా వాయిస్తున్నారు, బెల్టు మళ్ళీ వదులైందా?” అన్నారు. బెల్టు కాదు నాన్నా, ఇదే అసలు స్పీడు, మీది మెషీను తప్పు అని మొత్తం చెప్పాను. అంతా విన్నారు. అందరూ వెళ్ళాక లోపలికొచ్చి, రికార్డు తిప్పి మొదటి వైపు పెట్టుకున్నారు.

కావలి క్లారినెట్

ఈసారి నేనూ వస్తా అన్నా, క్లారినెట్ తెస్తాను. నాన్నగారు ఏది పెడతారో ముందే కనుక్కొని చెప్పు, బ్యారెల్ సంగతి చూసుకోవాలి.