గుడ్డు ల్యాండర్‌కు వారానికి రెండు పీరియడ్లు ఇవ్వచ్చా?

ఫిజికల్ సైన్స్ టీచర్, ప్రభుత్వ హైస్కూల్, సూళ్లూరుపేట దగ్గర:
శ్రీహరికోటలో ప్రయోగం ఉన్న రోజు మా పిల్లలు క్లాసులో కూర్చోరు. గ్రౌండ్‌లో నిలబడి పొగ గీత చెదిరిపోయేదాకా చూస్తారు. ఆ ఆసక్తిని చదువులోకి తేవాలని తొమ్మిదో తరగతికి ఒక పని పెట్టాను. పాత పేపర్లు, స్ట్రాలు, టేపు, ఒక క్యారీబ్యాగ్ ఇస్తాను. చంద్రుడి మీద దిగే ల్యాండర్‌లా, మేడ మీద నుంచి, అంటే 6 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే గుడ్డు పగలకుండా దిగాలి. 8 జట్లలో 7 గుడ్లు పగిలాయి. ఇంకోసారి చేస్తామని పిల్లలు వెంటపడ్డారు. స్టాఫ్‌రూమ్‌లో మాత్రం "సిలబస్ అయ్యాక చూసుకోండి" అన్నారు. ఆ సిలబస్ ఎప్పటికి అయ్యేను? టెక్నాలజీ నేర్పడానికి ఇలాంటి పనులకు వారానికి 2 పీరియడ్లు అడగడం తప్పా?

తొమ్మిదో తరగతి అమ్మాయి తండ్రి, గుంటూరు:
మాస్టారూ, మీ శ్రమను తక్కువ చేయడం లేదు. కానీ మా అమ్మాయి చదివే ప్రైవేటు బడిలో స్పేస్ ల్యాబ్ అంటూ వేరే ఫీజు కట్టించుకున్నారు. ముందే బిగించి ఉన్న రోవర్‌ను తలా రెండు నిమిషాలు నడిపించి ఫొటోలు తీశారు. "మోటారు వెనక్కి ఎలా తిరిగిందమ్మా?" అని అడిగితే మా పిల్ల బిక్కమొహం వేసింది.

ఇంకో మాట. గుడ్డుకు క్యారీబ్యాగ్ కట్టి వదిలితే అది చంద్రుడి మీద దిగినట్టు ఎలా అవుతుంది? అక్కడ గాలే లేదు. అంతదూరం ఎందుకు, పొలంలో బోరు మోటారు స్టార్టర్ మాటిమాటికీ ఎందుకు ట్రిప్ అవుతుందో నేర్పినా అది టెక్నాలజీయే కదా.

రిటైర్డ్ ఇంజినీర్, బెంగళూరు:
బోరు మోటారు నేర్పండి, నాకు సంతోషమే. అయితే అది పాడైతే మెకానిక్ వస్తాడు. పైకి పంపినదాన్ని బాగుచేయడానికి ఎవరూ వెళ్లలేరు. ఏది చెడిపోవచ్చో ముందే ఆలోచించే అలవాటు అందుకే ఈ పాఠంలో బాగా పట్టుబడుతుంది. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ కూలింది. చంద్రయాన్-3కు కాళ్లు గట్టిపరిచారు, ఇంధనం పెంచారు, దిగే చోటును 500 మీటర్ల చదరం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు విస్తరించారు. 2023 ఆగస్టు 23న అది దిగింది.

నాసా అంగారకుడికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ సంగతి కూడా పిల్లలకు చెప్పండి. ఒక జట్టు పౌండ్లలో, ఇంకో జట్టు న్యూటన్లలో లెక్క వేయడం వల్ల 1999లో ఆ నౌక పోయింది. యూనిట్ రాయలేదని మీరు మార్కు కోస్తే ఎందుకో అప్పుడు వాళ్లకే తెలుస్తుంది.

తొమ్మిదో తరగతి అమ్మాయి తండ్రి:
అవి పెద్దల పనులు సార్. పిల్లలవే చూద్దాం. ఆజాదీశాట్ అనే చిన్న ఉపగ్రహం తయారీలో 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది అమ్మాయిలు పాల్గొన్నారు. అంటే బడికి 10 మంది. మిగతా పిల్లలకు ఏం దక్కింది?

రిటైర్డ్ ఇంజినీర్:
ఆ లెక్కకు నా దగ్గర జవాబు లేదు. పది మందితో ఆగిపోతే అది ప్రదర్శనే. కానీ దాని కథ మాత్రం ప్రతి క్లాసులోనూ చెప్పాలి. 2022 ఆగస్టు 7న ఆజాదీశాట్‌ను తీసుకెళ్లిన ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగంలో రెండో దశ విడిపోయేటప్పుడు కుదుపు ఎక్కువైంది. సెన్సర్లు పాడయ్యాయని కంప్యూటర్ పొరబడింది. 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యకు బదులు ఒకవైపు 76 కిలోమీటర్లకే దిగిపోయే కక్ష్య వచ్చింది. అంత కిందికి వస్తే గాలి లాగేస్తుంది, ఉపగ్రహం నిలవదు. ఆ దశ విడిపోయే ఏర్పాటును మార్చి, 2023 ఫిబ్రవరి 10న ఆజాదీశాట్-2ను పంపారు. ఆ ఆరు నెలల్లో జరిగిందే అసలు పాఠం.

అటల్ టింకరింగ్ ల్యాబ్ చూసే టీచర్, తెలంగాణ:
మా సమస్య వేరు సార్. పిల్లలు సొంతంగా వస్తువులు చేసి చూసే ఈ ల్యాబ్‌కు కేంద్రం ఇచ్చే గ్రాంటు 20 లక్షల దాకా ఉంటుంది. మా దగ్గర వస్తువులకు కొదవ లేదు, ముట్టుకోనిచ్చే ధైర్యమే లేదు. ఏదైనా విరిగితే స్టాక్ రిజిస్టర్‌లో నా పేరు వస్తుందని టెన్షన్. తాళం నా దగ్గరే ఉంటుంది, చెప్పుకోవడానికి బాధగా ఉంది. గుడ్డు, పాత పేపర్ల దగ్గర ఆ భయం లేదు.

ఇంకొకటి గమనించాను. జట్టు అనగానే మగపిల్లలు కత్తెర, టేపు అందుకుంటారు, ఆడపిల్లలకు రికార్డు పుస్తకం మిగులుతుంది. నేను పావుగంటకోసారి పనులు మారుస్తున్నాను. మొదట్లో గొడవ చేశారు, ఇప్పుడు అలవాటైంది.

ఫిజికల్ సైన్స్ టీచర్:
గుంటూరు అన్నగారి మాట పట్టుకుని రెండోసారి క్యారీబ్యాగ్ తీసేశాను. చంద్రుడి మీద గాలి లేదు కాబట్టి ప్యారాచూట్ కుదరదని చెప్పాను. ముందు బోర్డు మీద వేగం లెక్క వేయించాను. 6 మీటర్లు పడితే నేలను తాకేటప్పుడు సెకనుకు దాదాపు 11 మీటర్లు. చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ కాళ్లు తట్టుకునేలా చేసింది సెకనుకు 3 మీటర్లే. "మరి అక్కడ ఇంజిన్ ఉంది కదా సార్, మాకు లేదే" అని ఒకమ్మాయి అడిగింది. ఆ పిల్ల జట్టు పేపరు చుట్టలతో నలిగిపోయే కాళ్లు చేసింది. కాళ్లు నలిగాయి, గుడ్డు నిలిచింది. ఈసారి 3 గుడ్లు దక్కాయి.

మార్కులు గుడ్డుకు వేయలేదు. ఏది విరిగింది, ఎందుకు, ఏం మార్చాం అని రాసిన పేజీకి వేశాను. గుడ్డు పగిలిన జట్టుకే అన్నిటికన్నా ఎక్కువ వచ్చాయి. హెచ్‌ఎం గారు ప్రస్తుతానికి శనివారం ఒక పీరియడ్ ఇచ్చారు. రెండోదాని కోసం మళ్లీ అడుగుతాను.

తొమ్మిదో తరగతి అమ్మాయి తండ్రి:
పదో తరగతికి మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను మాస్టారూ, పరీక్షల ఏడాది అది. ఆ పేజీ నమూనా ఒకటి ఇక్కడ పెట్టండి. మా బడి మీటింగులో చూపించి, రోవర్‌ను ఒకసారి పిల్లల చేత విప్పించమని అడుగుతాను.