రెండు గుర్రాల ట్రైలర్‌కి సెకండ్‌హ్యాండ్ ఫోర్ బై ఫోర్: ఆరు లక్షల్లో ఏది తీసుకోవాలి?

బొబ్బిలి రౌతు
అందరికీ నమస్కారం. మాది బొబ్బిలి పక్క పల్లె. మార్వాడీ ఆడగుర్రం ఒకటి, కథియావాడీ మగది ఒకటి ఉన్నాయి. సంక్రాంతి పందేలకీ, పెళ్ళి ఊరేగింపులకీ తిప్పుతాం. ఇన్నాళ్ళూ అద్దె పికప్పే గతి. ఎక్కించాలంటే ఎత్తుగట్టు వెతుక్కోవాలి. దింపేటప్పుడు మగది బెదిరి, డాలా మీంచి ఒక్క ఉదుటున దూకేస్తోంది. దాని కాళ్ళ గురించి నాకు నిద్ర పట్టట్లేదు. అందుకే సాలూరులో ఫ్లోరు తక్కువ ఎత్తులో ఉండే రెండు గుర్రాల ట్రైలర్ కట్టించి, లాగడానికి నాలుగు చక్రాలకీ ఇంజను శక్తి అందే పాత ఫోర్ బై ఫోర్ బండి కొనాలని ఉంది. వానాకాలంలో మా కళ్ళం దారి మోకాలి లోతు బురద. బండి వరకూ బడ్జెట్ ఆరు లక్షలు. చూస్తున్నవి జిప్సీ, బొలేరో ఫోర్ బై ఫోర్, పాత థార్ సీఆర్‌డీఈ, స్కార్పియో ఫోర్ బై ఫోర్, సఫారీ స్టార్మ్ ఫోర్ బై ఫోర్. మా బావ జిప్సీయే కొనమని పట్టుబడుతున్నాడు. మీరేమంటారు?

గజపతినగరం డీజిల్
తమ్ముడూ, ముందు బరువు లెక్క వేసుకో. గుర్రం ఒక్కొక్కటి 400 కిలోలు అనుకుందాం. ఇనుప ట్రైలర్ ఎంత పొదుపుగా కట్టినా 900 కిలోల దాకా వస్తుంది. గడ్డి, నీళ్ళు, జీను కలుపుకుంటే 1,750 కిలోలకు తగ్గదు. జిప్సీ బరువు దగ్గరదగ్గర టన్ను, 1.3 లీటర్ల పెట్రోలు ఇంజను, 80 గుర్రాల శక్తి. బురదలో దానికది తిరుగులేని బండే, కాదనను. కానీ తనకంటే ముప్పావు టన్ను ఎక్కువున్న ట్రైలర్ వెనకనుంచి తోస్తుంటే మానాపురం దిగుడులో అది నిలబడదు. లాగడం పెద్ద సమస్య కాదు, తక్కువ గేరులో ఏదైనా లాగుతుంది. ఆపడం దగ్గరే అసలు కథ. కాబట్టి బండి బరువు ట్రైలర్ బరువుకి తగ్గకూడదు, ఎంత ఎక్కువుంటే అంత నయం.

బొలేరో 1.6 టన్నుల చిల్లర. ఒక్క గుర్రానికైతే సరే, రెంటికీ చాలదు. పాత థార్‌కి ఇంజను ఉంది, 105 గుర్రాల శక్తి, 247 ఎన్‌ఎం టార్కు (చక్రాన్ని తిప్పే బలం). వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, మాత్రం పొట్టి. వెనక ట్రైలర్ ఊగిందంటే బండిని కూడా ఊపేస్తుంది. స్కార్పియో పరవాలేదు. నన్నడిగితే స్టార్మే. రెండు టన్నుల బండి, ల్యాడర్ ఫ్రేము (నిచ్చెనలాంటి ఉక్కు చట్రం), పొడుగు వీల్‌బేసు. 2012లో వచ్చినదానికి 320 ఎన్‌ఎం, 2015 తరవాత వచ్చిన వారికార్ 400 ఇంజనుకి 400 ఎన్‌ఎం. 2019లో ఆగిపోయిన మోడల్ కనక రేటు దిగింది. పార్టులు ఎక్కడ దొరుకుతాయో మాత్రం కొనే ముందే కనుక్కో.

సాలూరు లారీ
మీ ఇద్దరికీ నా మాట నచ్చదు, అయినా చెప్తాను. ట్రైలరూ వద్దు, ఫోర్ బై ఫోరూ వద్దు. ఆ డబ్బుతో పాత ఎల్‌సీవీ (చిన్న లారీ) ఒకటి కొని మా ఊళ్ళో బాడీ కట్టించు. మధ్యలో అడ్డగోడ, పక్కలకి పరుపు, వెనక పొడుగు ర్యాంపు. ఒక ఇంజను, ఒక ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఒక ఇన్సూరెన్సు. ట్రైలర్‌కైతే విడిగా రిజిస్ట్రేషన్ కావాలి, దానికి నంబరు ప్లేటు, వెనక లైట్లు కావాలి. రివర్సు చేయడం వచ్చిన డ్రైవరు మీ పల్లెలో ఎంతమంది ఉన్నారు?

ఇంకో సంగతి. నువ్వు చూస్తున్న బండ్లన్నీ పార్ట్‌టైం ఫోర్ బై ఫోర్‌లే, అంటే మామూలుగా రెండు చక్రాల మీదే నడుస్తాయి, అవసరమైతే ఫోర్‌లో వేసుకోవాలి. ఎండిన తారు రోడ్డు మీద వాటిని ఫోర్‌లో నడపకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేరువేరు దూరాలు తిరగాలి, మధ్యలో ఆ తేడాని సర్దే డిఫరెన్షియల్ లేదు కనక, ముందు వెనక ఇరుసులకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఒత్తిడి పడి అరిగిపోతుంది. బొబ్బిలి నుంచి విజయనగరం దాకా అంతా తారే. ఆ కాస్త బురద కోసం అంత సరంజామా మోసుకు తిరగడం ఎందుకు? కళ్ళం దారికి రెండు ట్రాక్టర్ల గ్రావెల్ పోయించు.

ఉద్దానం ఇసుక
గ్రావెల్ ఆయన సొంత దారికి పోయించగలడు. పందేలు పెట్టే చోటికి ఎవరు పోస్తారన్నా? మా కవిటి, సోంపేట కొబ్బరితోటల్లో ఇసుక చూశారా? టూ వీల్ డ్రైవ్ బండి ట్రైలర్‌తో ఆగిందంటే మళ్ళీ కదలదు. క్లచ్ మీద కాలు పెట్టి గుంజితే పది నిమిషాల్లో కాలిన వాసన. ఫోర్ బై ఫోర్‌లో ఉండే లో రేంజ్ (అతి నెమ్మది గేరు) ఉంటే క్లచ్ పూర్తిగా వదిలేసి, ఇంజను ఐడిల్ మీదే నెమ్మదిగా బయటికి వచ్చేయొచ్చు. తోటలో ట్రైలర్‌ని అంగుళం అంగుళం వెనక్కి సర్దుకోవడానికి కూడా అదే గేరు. లోపల గుర్రానికి కుదుపు తెలియదు. ఫోర్ బై ఫోర్ తారు మీదికి కాదు, ఆ చివరి వంద గజాలకే కావాలి.

న్యూమార్కెట్‌లో పలాసోడు
నేను ఇంగ్లండులో గుర్రపుశాలలో పని చేస్తున్నాను. ఇక్కడ ట్రైలర్ లేనిదే రోజు గడవదు. బండి ఏదన్నది తరవాత, ముందు ట్రైలర్‌కి బ్రేకులుంటాయా, చెప్పండి. ఇక్కడ బరువుతో కలిపి 750 కిలోలు దాటిన ట్రైలర్‌కి సొంత బ్రేకులు తప్పనిసరి. ముందు బండి నెమ్మదిస్తే ట్రైలర్ హిచ్‌ని, అంటే బండికీ ట్రైలర్‌కీ మధ్య కలిపే కొక్కేన్ని, తోస్తుంది, ఆ తోపే రాడ్డు ద్వారా ట్రైలర్ బ్రేకుల్ని పడేస్తుంది. ఓవర్‌రన్ బ్రేక్ అంటారు. హిచ్ ఊడినా బ్రేకు పడేలా ఇంకో సన్నటి తీగ బండికి తగిలిస్తాం. మన దగ్గర వెల్డింగ్ షెడ్డులో కట్టే ట్రైలర్లకి చాలావాటికి ఈ రెండూ ఉండవు. అవి లేకుండా స్టార్మ్ కొన్నా ఫార్చ్యూనర్ కొన్నా నేనైతే గుర్రాన్ని ఎక్కించను.

ఒక్క గుర్రాన్నే తీసుకెళ్తే కుడి అరలో కట్టండి. మనకీ వీళ్ళకీ ఎడమవైపు నడకే, రోడ్డు ఎడమ అంచుకి వాలి ఉంటుంది. రెండైతే బరువైనది కుడివైపు. హిచ్ మీద కొంచెం బరువు పడాలి. బరువంతా వెనక్కి పోతే ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ వదిలేయాలే గానీ స్టీరింగ్‌తో సరిచేయబోకూడదు.

చీపురుపల్లి పశువైద్యం
సాలూరు వారి మాటలో ఖర్చు లెక్క సబబే. గుర్రం వైపు నుంచి చూస్తే నేను ట్రైలర్ పక్షం. లారీ ఫ్లోరు ఎత్తు, ర్యాంపు ఎంత పొడుగు పెట్టినా ఏటవాలే. దిగేటప్పుడు జారి ముందుకాళ్ళ స్నాయువులు (కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే తాళ్ళు) దెబ్బతిన్న గుర్రాలకి నేను కట్లు కట్టాను. ఏది కట్టించినా గుర్రానికి 2.25 చదరపు మీటర్ల చోటు వదలండి, పశువుల్ని మోసే బండ్లకి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉన్న లెక్క అది. గుర్రాల బండి గంటకు 35 కిలోమీటర్లు మించకూడదని 1978 రవాణా నిబంధనలు చెప్తాయి, ప్రయాణానికి ముందు డాక్టరు సర్టిఫికెట్ కూడా ఉండాలి. ఫ్లోరుకి రబ్బరు మ్యాటు వేయండి, రేకు మీద గిట్ట నిలవదు.

సాలూరు లారీ
డాక్టరు గారూ, 35 దాటకూడదంటే ఇక 400 ఎన్‌ఎం టార్కు దేనికండీ? నా వాదన ఇంకా బలపడింది.

గజపతినగరం డీజిల్
వేగానికి కాదు సాలూరన్నా, ఘాట్ రోడ్డుకి. మీ సాలూరు దాటి సుంకి ఎక్కాలంటే 35లోనే ఆ టార్కు కావాలి. దిగేటప్పుడు రెండో గేరు పట్టుకుంటే పెద్ద ఇంజను బండిని ఆపుతుంది, బ్రేకులు వేడెక్కవు.

తమ్ముడూ, చూడ్డానికి వెళ్ళినప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఫోర్ బై ఫోర్ లైటు వెలిగిందని నమ్మకు. తడిమట్టి మీద నిలబెట్టి ఫోర్‌లో వేయించు, నువ్వు దిగి ముందు చక్రాలు మట్టిని తవ్వుతున్నాయో లేదో చూడు. ఏళ్ళ తరబడి వాడని బండ్లలో లివరు పడుతుంది, ముందు చక్రాన్ని ఇరుసుకి కలిపే హబ్బు పట్టదు. ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిలు మజ్జిగలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్ళు పోయినట్టే, వదిలేయ్. భీమిలి, కళింగపట్నం వైపు సముద్రం ఒడ్డున తిరిగిన బండైతే తుప్పు ఉందేమోనని కింద దూరి చాసిస్‌ని స్పానరుతో తట్టుకుంటూ పో, స్ప్రింగుల కొక్కేల దగ్గర, వెనక అడ్డపట్టీ దగ్గర మరీ ముఖ్యంగా. ఖంగున మోగాలి. హిచ్ తగిలేది అక్కడే. హిచ్‌ని బంపర్‌కి వెల్డింగ్ పెడతానంటే ఒప్పుకోవద్దు, రెండు చాసిస్ రాడ్లకీ బోల్టులు పడాలి. పదిహేనేళ్ళకి దగ్గరపడ్డ బండి వద్దు, ఆర్‌సీ రెన్యువల్‌కి ఫీజే 5,000, ఫిట్‌నెస్ కోసం చేయించే పనులు దానికి అదనం.

బొబ్బిలి రౌతు
అందరికీ దండాలు. జిప్సీ మాట బావకి నచ్చజెప్పాను. బండికి పెట్టుకున్న ఆరు లక్షల్లోంచే లక్ష తీసి ట్రైలర్ బ్రేకులకి పెడుతున్నాను, కాబట్టి ఐదు లక్షల్లో వచ్చే స్టార్మ్ గానీ స్కార్పియో గానీ చూస్తాను. ఆదివారం విజయనగరంలో ఒక 2014 స్టార్మ్ చూడ్డానికి వెళ్తున్నాను. పలాసన్నా, ఓవర్‌రన్ హిచ్ కొలతలు, ఫొటోలు ఉంటే పెట్టు, సాలూరు షెడ్డువాళ్ళకి చూపించాలి.

సాలూరు లారీ
నా అభిప్రాయం మారలేదు. కానీ కట్టించేదాకా వచ్చాక చెడ్డగా కట్టించనివ్వను. షెడ్డుకి వెళ్ళే రోజు చెప్పు, నేనూ వస్తాను. యాక్సిలు ఎక్కడ పడాలో దగ్గరుండి చూసుకోవాలి, అది తప్పితే హిచ్ మీద బరువు లెక్కంతా తప్పుతుంది.